చాటింపు: పురపాలన వార్త పౌరుని చేరిన చరిత్ర

పురములకు గోడలును, వీథులును, దీపములును ఏర్పడిన చరిత్రను మన పండితులు కొంతవఱకు వ్రాసిరి. పురములను పాలించు సభలు ఎప్పుడు పుట్టెనో, వాని కధ్యక్షులుగా నుండిన వారెవ్వరో తెలుపు పట్టికలును మనకు గలవు. కాని ఆ సభలలో జరిగిన నిర్ణయము వీథిలోని సామాన్యుని చెవికి ఏ మార్గమున జేరెను, ఎంత యాలస్యముగా జేరెను, చేరిన పిమ్మట నాతడు మాఱుపలుకుట కవకాశముండెనా లేదా యను విషయమును అరసినవారు తక్కువ. పన్ను హెచ్చునపుడును, నీరు తగ్గునపుడును, వీథి త్రవ్వునపుడును ఆ సంగతి ఇంటివానికి ముందుగా, తన భాషలో, తాను బదులు చెప్పుట కెడమిచ్చి తెలియుటయే పౌరపాలనకు ప్రాణమని నా దృఢవిశ్వాసము. తెలుగువారి పురముల గతచరిత్రయే దీనికి సాక్ష్యము పలుకుచున్నది.

పాలకుడు తన నిర్ణయమును బహిరంగముగా ప్రకటించు ఆచారము మనకు క్రొత్తది కాదు. చీరాలకు అనతిదూరమున సముద్రతీరమందున్న మోటుపల్లి ఒకప్పుడు దేశదేశముల ఓడలు వచ్చి నిలిచిన రేవు. తుపానునకు జిక్కి ఒడ్డునకు గొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలవంతముగా గైకొనుచుండగా, కాకతి గణపతిదేవ చక్రవర్తి ఆ దుర్నయమును మాన్పి, తాను న్యాయమైన శుల్కము తప్ప మఱేమియు గొననని యభయమిచ్చి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు మాత్రమే సుంకమని నిర్ణయించి, ఆ సంగతిని 1244 ప్రాంతమున మోటుపల్లిలో శిలపై చెక్కించెను. తరువాత 1358లో రెడ్డిరాజైన అనవోతారెడ్డియు అచటనే వర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను. సుంకపు రేటు రాతిపై నెక్కిన పిమ్మట రేవు అధికారి దానికి మించి ఒక్క కాసు అడుగుటకు వీలులేదు. కావున ఆ శిల వర్తకునికి రక్ష. ఐనను రాజు చెప్పుటయు, వర్తకుడు వినుటయు తప్ప, ఆ శాసనములో వినువాని మాటకు చోటు లేదు. సుంకము నచ్చనివాడు ఓడ త్రిప్పుకొని పోవలసినదే.

మన దేశమున ఆంగ్లరీతి పురపాలనము మొట్టమొదట మదరాసున వెలసెను. ఈస్టిండియా కంపెనీవారు 1687 డిసెంబరులో అనుమతిపత్రము నొసగగా, 1688 సెప్టెంబరు 29వ తేదీన అచటి కార్పొరేషను ప్రారంభమయ్యెను. మేయరునకు తోడుగా నియమింపబడిన పండ్రెండుగురు ఆల్డర్మన్లలో దేశీయ వర్తకులును గలరు. ఆ పట్టణపు జనములో తెలుగువారు మిక్కిలిగా నుండిరి. కంపెనీ కోట వెలుపల దేశీయులు నివసించు నల్లపట్టణమును కావలికాయు పెద్దనాయకుని పదవి పేరు నేటికిని అచటి పెద్దనాయకుని పేటయందు నిలిచియున్నది. కంపెనీవారు పురజనులకు తెలుపవలసిన ఉత్తర్వులను ఇంగ్లీషునను, పోర్చుగీసునను, తెలుగునను, తమిళమునను వ్రాయించి కోట సముద్రద్వారమునొద్ద కట్టించుచుండిరి. పాలించు వారి భాష ఏదియైనను, పన్ను చెల్లించువాని భాషలోనే వార్త నిలువవలెనను నీతిని వర్తకప్రయోజనము వారికి నేర్పెను. అక్షరము రానివారికి మాత్రము ఆ కాగితములు కాగితములే; వారికొఱకు తప్పెట మ్రోగవలసివచ్చెను.

పంతొమ్మిదవ శతాబ్దిలో తెలుగు పట్టణములకు పురపాలక సంఘములు వచ్చెను. 1850 నాటి చట్టము క్రింద పురవాసులు తామై కోరిన చోట్ల పారిశుద్ధ్యాది కార్యములకు సంఘము లేర్పడవచ్చుననగా, భీమునిపట్టణము 1861లోనే ఆ గౌరవమును పొందెను. పిదప 1865 నాటి మదరాసు పట్టణాభివృద్ధి చట్టము ననుసరించి, 1866లో రాజమహేంద్రవరము, కాకినాడ, మచిలీపట్టణము, గుంటూరు, నెల్లూరు మున్నగు చోట్ల సంఘములు స్థాపితములయ్యెను. బెజవాడకు 1888లో ఆ భాగ్యము కలిగెను. తొలినాళ్లలో కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులు ప్రభుత్వము నియమించినవారు. 1882 మే 18వ తేదీన వైస్రాయి రిప్పన్ ప్రభువు ప్రకటించిన తీర్మానము స్థానిక స్వపరిపాలనము ప్రజలకు రాజకీయ శిక్షణాలయము కావలెనని చాటగా, 1884 నాటి జిల్లా పురపాలక చట్టము ఎన్నికలకు కొంత త్రోవ చూపెను. ఐనను ఓటుహక్కు పన్ను చెల్లించు కొలదిమందికే పరిమితము. సభాకార్యక్రమము ఇంగ్లీషున సాగుచుండెను. పురమందలి నూటికి తొంబదిమందికి సభ యనునది తెలియని భాషలో, కానరాని గదిలో జరుగు వ్యవహారమే.

ఆ గదికిని ఈ వీథికిని నడుమ వారధియై నిలిచినది టముకు. దండోరా యనుడు, చాటింపు అనుడు, తెలుగునేల నలుమూలల వేర్వేఱు పేళ్లతో పిలువబడిన ఈ ఆచారము గ్రామములలో తరతరముల నుండి ఉన్నదే. వెట్టివాడో తలారియో డప్పు చంకకు తగిలించుకొని శిస్తు గడువును, జాతర దినమును, చెఱువు మరమ్మతునకు రావలసిన మనుష్యులను గూర్చియు ఇల్లిల్లు వినునట్లు కేకవేయుచుండెను. పురపాలక చట్టములు ఈ ప్రాచీనాచారమును తమలోనికి స్వీకరించినవి. 1920 నాటి మదరాసు జిల్లా పురపాలక చట్టములో, పన్ను విధించుటకు గాని హెచ్చించుటకు గాని కౌన్సిలు నిశ్చయించినపుడు ఆ సంగతిని జిల్లా గెజిట్టునందును, టముకు వేయించియు ప్రకటింపవలెనని విధి యుండెను. రెండు మార్గములును చట్టము దృష్టిలో సమానములే; ప్రజల దృష్టిలో మాత్రము గెజిట్టు వకీళ్లకు, టముకు జనులకు.

ఈ చాటింపు ఆనాడు జరుగుచుండిన తీరు వర్ణింపదగినది. కార్యాలయమున గుమాస్తా వ్రాసియిచ్చిన మాటలను చాటువాడు కంఠస్థము చేసికొనును. నాలుగు వీథులు కలియు కూడలి, అంగడి, గుడి ముంగిలి, మంచినీళ్ల చెఱువుగట్టు, ఇట్టి చోట్ల నిలిచి ముందుగా దరువు వేయును. పిల్లలు పరుగెత్తుకొని వత్తురు, స్త్రీలు గడపకడ నిలుతురు, అంగడివాడు త్రాసు దించి చెవియొగ్గును. అపుడు “ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునదేమనగా” అని ఎత్తుకొని, ఆ అర్ధసంవత్సరపు ఇంటిపన్ను గడువును, సంతయాశీళ్ల వేలంపాటను, మశూచికమునకు టీకాలు వేయు దినమును, కలరా తగిలిన వేళ నీరు కాచి త్రాగవలెనను హెచ్చరికను చాటి, మఱల దరువు వేసి తరువాతి వీథికి సాగును. వార్తాపత్రిక ఎఱుగని జనులకు అదియే వార్త, అదియే చట్టము, అదియే వైద్యోపదేశము. అంటువ్యాధుల కాలమున ఆ దరువు సకాలమున మ్రోగిన వాడకును, మ్రోగని వాడకును నడుమ ప్రాణములంత భేదముండెననుట అతిశయోక్తి కాదు.

కాని ఆ డప్పు మోసినవానిని గూర్చి ఒకమాట చెప్పక ముందునకు సాగుట న్యాయము కాదు. బహుస్థలముల నతడు ఊరి వెలుపలి వాడవాడు. మాదిగ కులమునకు జెందినవాడు. ఎవరి కంఠముద్వారా ప్రభుత్వశాసనము ఊరంతట మార్మ్రోగెనో, ఆతనికి ఆ శాసనమును చేయు సభలో ఆసనము లేదు. చాలకాలము ఓటును లేదు. తాను చాటిన కొళాయి తన వాడకు రాలేదు. పురమునకు వార్త నందించిన మొదటి వార్తాహరుని పేరు ఏ పురపాలక చరిత్రలోను కనబడకపోవుట మన చరిత్రరచనకు కళంకము. వయోజనులందఱికి ఓటు అను సూత్రము స్వతంత్ర భారత రాజ్యాంగముతో వచ్చిన పిమ్మట గాని ఆ యన్యాయమునకు చట్టబద్ధమైన నివారణ కలుగలేదు.

టముకు చెప్పును గాని ప్రశ్నింపదు. ఎందులకు పన్ను హెచ్చినది, వచ్చిన సొమ్ము ఏమైనది, కంట్రాక్టు ఎవరికి దక్కినది అను ప్రశ్నలకు నోరు కావలసివచ్చినపుడు తెలుగుపత్రిక ఆ నోరయ్యెను. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో స్థాపించిన వివేకవర్ధని, సంఘసంస్కరణముతో పాటు అధికారుల లంచగొండితనమును, న్యాయస్థానములలోని అక్రమములను నిర్భయముగా బయటపెట్టి, స్థానిక విషయములు కూడ పత్రికకెక్కదగినవని తెలుగువారికి చూపెను. 1902లో మచిలీపట్టణమున వెలసిన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున దశాబ్దములపాటు వారము వారము తీరాంధ్ర పట్టణములకు చేరి, జాతీయోద్యమ వార్తలకు తోడు జిల్లా వ్యవహారములను చర్చించెను. వారపత్రిక యను రూపము పట్టణజీవనమునకు సరిగా నమరినది: దినమునకు చాలునంత సంఘటన చిన్నయూరిలో జరుగదు, నెల దాటినచో అభ్యంతరము తెలుపు గడువు ముగిసిపోవును, వారమనునది సంతకును, సభకును, సంభాషణమునకును సహజమైన కొలత. ఒకరు చదువుచుండగా పదిమంది వినుట ఆ కాలపు అలవాటగుటచే, ఒక్క ప్రతి ఒక్క వీథికి చాలెడిది.

ఈ చరిత్రలో అన్నిటికంటె గంభీరమైన ఘట్టము చీరాల పేరాలలో జరిగెను. అప్పటి గుంటూరు జిల్లాలో, మోటుపల్లి శాసనమునకు కొలది క్రోసుల దూరమున నున్న ఈ జంటగ్రామములు నేతగాండ్రకును, చిన్న వర్తకులకును నెలవులు. ఇవి యూనియను అను చిన్న స్థానిక సంఘముగా నుండినంత కాలము పన్ను సాలునకు సుమారు 4,000 రూపాయలు మాత్రమే. 1919లో ప్రభుత్వమువారు వీనిని కలిపి పురపాలక సంఘముగా మార్చిరి. దానితో పన్నుల మొత్తము 30,000 రూపాయలు దాటెను. రెక్కాడినగాని డొక్కాడని నేతవానికి ఈ హెచ్చు మోయరాని బరువు. తమకు మునిసిపాలిటీ వలదని ప్రజలు మహజరులు పంపిరి, సభలు చేసిరి, ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతముమీద ఒక అధ్యక్షుని నియమించి సంఘమును నడపెను. స్థానిక స్వపరిపాలన శాఖకు అప్పటి మంత్రి పానగల్లు రాజా రామారాయణింగారు. అనగా తెలుగువాడే తెలుగువారికి స్వపరిపాలనమును వలదన్నను మెడకు గట్టిన విపరీతపరిస్థితి యది. పన్ను చెల్లింపక పలువురు శిక్షలు పొందిరి. అట్లు చెఱకు పోయినవారిలో ఒక వృద్ధురాలును గలదు.

ఈ జనులకు నాయకుడై నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పెనుగంచిప్రోలున జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొంది వచ్చి, ఉద్యోగములను విడిచి, రామదండు అను స్వచ్ఛందసేవకుల దళమును గూర్చిన ఆయన, జానపదకళలయందలి గాఢమైన మక్కువచేతను, పాటచేతను, పదముచేతను, మహావక్తృత్వముచేతను జనుల హృదయములను చేరెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైన పిమ్మట గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, ప్రజలకు రెండు మార్గములు చూపెను: అహింసాయుతముగా పన్ను నిరాకరించి శిక్షలనుభవించుట యొకటి, మునిసిపాలిటీ హద్దులు దాటి ఊరు విడిచిపోవుట రెండవది. ఊరు విడుచుటకే ప్రజలు నిశ్చయించిరి. సుమారు 15,000 మంది జనములో 13,000 మందికి పైగా ఇండ్లు వాకిళ్లు విడిచి, మగ్గములు మోసికొని, పసిబిడ్డల నెత్తుకొని, ఆ వేసవి యెండలో ఊరి వెలుపల పాకలు వేసికొని రామనగరమను క్రొత్తయూరు నిర్మించుకొనిరి. వ్యాధులకును, వానలకును, దారిద్ర్యమునకును ఓర్చి పదునొకండు నెలలు అచట నివసించి, తమ తగవులను తామే తీర్చుకొనిరి. గోపాలకృష్ణయ్యగారిని ప్రభుత్వము చెఱసాలకు బంపగా, నిధులు తఱుగగా, 1922లో వారు మఱల తమ యిండ్లు చేరిరి.

మునిసిపాలిటీ అనగా వీథిదీపములు, పారిశుద్ధ్యము, వైద్యము. వీనిని ఎవ్వరును ద్వేషింపరు. వచ్చు పన్ను ఎంత, దానికి ప్రతిఫలముగా దొరకు సౌకర్యమేది, భారమును మోయగలవా లేదా యని ముందుగా తన్నడుగు ప్రభుత్వము లేకపోవుటయే చీరాల పౌరుని కోపమునకు మూలము. ఆఱువందల యేండ్లకు పైగా గడచినను మోటుపల్లి వర్తకునికి దొరకినంతకంటె మిక్కిలి స్వాతంత్ర్యము ఆతనికి దొరకలేదు: చెప్పినది వినుము, ఒల్లకున్న లేచిపొమ్ము. ఆతడు లేచిపోయి చూపించెను. చెప్పుటకును సంప్రదించుటకును నడుమనున్న యగాధమును తెలుగుదేశమున ఇంత స్పష్టముగా కొలిచి చూపిన సంఘటన మఱొకటి లేదు.

నిజాము రాజ్యమున కథ వేఱు బాటను నడచెను. మొదటి సాలారుజంగు మంత్రిత్వమున 1869లో హైదరాబాదు నగరమునకు పురపాలన వ్యవస్థ ఏర్పడెను. 1886లో చాదర్‌ఘాటునకు ప్రత్యేక సంఘము వచ్చెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచెత్తిన పిదప, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి వీథులను వెడల్పుచేయుటకును, ఇఱుకు బస్తీలను బాగుచేయుటకును పూనుకొనెను. ఇంత పని జరుగుచున్నను పౌరునికి వార్త వచ్చు త్రోవలు రెండే: ఉర్దూలో అచ్చగు సర్కారు జరీదా, అనగా గెజిట్టు, ఒకటి, బజారులో మ్రోగు మునాదీ యింకొకటి. నగరములోను జిల్లాలలోను తెలుగు మాటలాడు జనుల భాష కచేరీ గడప దాటలేదు. ఆ కొఱతను తీర్చుటకే సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నిర్బంధముల నడుమ ఆ పత్రిక తెలంగాణపు ఊళ్ల స్థితిగతులను, పాఠశాలల లేమిని, అధికారుల దౌష్ట్యమును తెలుగున ప్రకటించి, పాలితునకు పాలనను గూర్చి తెలిసికొను హక్కు గలదను భావమును నాటెను.

టముకు శబ్దముతో వీథిని చేరిన పురవార్త ఇరువదవ శతాబ్దిలో మఱల శబ్దమునే ఆశ్రయించెను. మదరాసున 1924లో స్థాపితమైన రేడియో క్లబ్బు ధనము చాలక మూతపడగా, దాని యంత్రమును స్వీకరించి 1930 ఏప్రిలు 1 నుండి మదరాసు కార్పొరేషనే స్వయముగా ప్రసారములు జరిపెను. 1938లో ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము ప్రారంభమగువఱకు అది సాగెను. ఒక పురపాలక సంస్థ తానే రేడియోను నడపి, బహిరంగస్థలములలో ధ్వనివర్ధకములు నిలిపి పురజనులకు వినిపించుట మన పురచరిత్రలో అరుదైన విశేషము. పిమ్మట పట్టణములలో డప్పునకు బదులు రిక్షాకును, తదుపరి ఆటోకును కట్టిన మైకు వచ్చెను. 1966 నాటి అధికారభాషా చట్టముతో కార్యాలయములలో తెలుగునకు చట్టబద్ధమైన స్థానము కలిగెను. శతాబ్ది చివరి దశాబ్దములలో దినపత్రికలు జిల్లాకొక అనుబంధమును వెలువరింపసాగుటతో, మండలకేంద్రపు విలేకరి వ్రాసిన మురుగుకాలువ వార్త సయితము మఱునాటి యుదయమున అచ్చులో కనబడెను. కౌన్సిలు సమావేశపు వాదోపవాదములు టీకొట్టు చర్చలోనికి వచ్చెను.

చట్టము కూడ నెమ్మదిగా ప్రజాపక్షమునకు జరిగినది. 1993 జూను 1 నుండి అమలులోనికి వచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు రాజ్యాంగ రక్షణ నిచ్చి, మూడు లక్షలును అంతకు మించియు జనాభా గల నగరములలో వార్డు సంఘము లుండవలెనని విధించెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము ఇంకొక మెట్టు పైకెక్కి, పౌరుడు అడిగినపుడు చెప్పుటయే కాక, తన నిర్ణయములను, వ్యయములను, పథకములను అడుగకయే ప్రకటించుట ప్రతి ప్రభుత్వ కార్యాలయమునకు విధియని శాసించెను. టముకువాని నోట ఒకవైపే ప్రవహించిన వార్తకు ఇట్లు ఎదురుప్రవాహము గూడ చట్టసమ్మతమయ్యెను.

నేడు వార్తకు సాధనములు కొఱతగా లేవు. చేతిలోని ఫోనునకు నిమిషమునకొక వాట్సాపు సందేశము వచ్చుచున్నది. నగరపాలక కార్యాలయములు చిత్రములను, ప్రారంభోత్సవములను దినదినము ప్రకటించుచున్నవి. ఐనను మన వార్డునకు ఈ సంవత్సరము మంజూరైన మొత్తమెంత, ఏ వీథికి ఏ పని, ఎవరికి కంట్రాక్టు, ఎప్పటికి పూర్తి, వచ్చు సమావేశమున చర్చకు రానున్న విషయము లెవ్వి యను అయిదు ప్రశ్నలకు సమాధానము ఒక్కచోట, ఒక్క పుటలో, తెలుగున, వారమునకొకమారు దొరకు పట్టణము లెన్ని? ప్రారంభోత్సవము జరిగిన పిమ్మట తెలియు వార్త దండోరాకంటె మేలైనది కాదు. దండోరాయైనను చెల్లింపు గడువునకు ముందే మ్రోగెడిది.

కాబట్టి ఈ చరిత్రను తెలిసికొనిన పాఠకునకు ఒక విన్నపము. నీ పురపాలక సంఘము తదుపరి సమావేశపు విషయసూచికను ముందుగా అడుగుము. నీ వార్డు సభ్యుని వారమునకొకమారు పని వివరము వ్రాసి గ్రంథాలయపు గోడపైనను, అంగడివీథిలోను కట్టుమని కోరుము. చదువనేరని పొరుగువానికి దానిని చదివి వినిపించుము. నచ్చని దానికి గడువులోపల అభ్యంతరమును వ్రాతమూలకముగా నిమ్ము. చీరాల నేతగాండ్రు తమ మాట వినిపించుటకు ఊరినే విడువవలసివచ్చినది. వారి త్యాగఫలముగా మనకు సంక్రమించిన హక్కునకు నేడు కావలసినది వారమునకొక గంట కాలము మాత్రమే. ఆ గంటను మనము వెచ్చింపకున్నచో లోపము చట్టములది కాదు, మనదే.